హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు - ఒక బడిపంతులు కథ

ఇటలీ దేశపు ఉత్తరభాగంలో టూరిన్ అనే నగరం ఉంది. మోటారు కార్ల కర్మాగారాలకు పేరుపొందిన ఊరది. ఊరిని ఆనుకొని సూపెర్గా అనే కొండ, ఆ కొండమీద ఒక పెద్ద చర్చి ఉన్నాయి. 1949 మే 4వ తేదీన లిస్బన్ నుండి తిరిగివస్తున్న ఒక విమానం మబ్బులలో దారి కానక ఆ చర్చి వెనుక గోడను ఢీకొన్నది. విమానంలో ఉన్న 31 మందీ మరణించారు. వారిలో 18 మంది టొరినో అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాండ్రు. వరుసగా ఐదుసార్లు ఇటలీ ఛాంపియన్లుగా నిలవబోతున్న జట్టు ఒక్క మధ్యాహ్నంలో నామరూపాలు లేకుండా పోయింది.

ఎక్కడో ఇటలీలో జరిగిన ప్రమాదాన్ని తిరుపతిలో కూర్చొని తెలుగు ఉపన్యాసకుడు ఏల తవ్వుతున్నాడని విద్యార్థులు అనుకోవచ్చు. కారణం లేకపోలేదు. కిందటి సంవత్సరం బి.కాం. తరగతిలో ఒక అబ్బాయి నలుపు తెలుపు నిలువు చారల చొక్కా వేసుకొని వచ్చాడు. ఏమిటిది నాయనా అంటే, యువెంటుస్ జట్టు చొక్కా సార్ అన్నాడు. ఆ క్లబ్బు చరిత్ర తడుముకోకుండా అప్పజెప్పాడు. 1897లో టూరిన్‌లోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు దానిని స్థాపించారట. ఆ పేరుకు లాటిన్ భాషలో యౌవనమని అర్థమట. మొదట గులాబిరంగు చొక్కాలు వేసుకొనేవారట. 1903లో ఇంగ్లండు నుండి నాట్స్ కౌంటీ జట్టు చారల చొక్కాలు తెప్పించుకొన్నారట. నన్నయ కాలం అడిగితే నేల చూపులు చూసే పిల్లవాడు ఇంత శుద్ధంగా తేదీలు చెప్పడం చూసి నాకు ముచ్చట వేసింది. అయితే, సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో తెలుసునా అని అడిగాను. తెలియదన్నాడు. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం చూసేదాకా నాకూ సరిగా తెలియదన్న సంగతి ఆనాడు వానికి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

టొరినో అదే టూరిన్ నగరంలో యువెంటుస్‌కు పోటీగా ఉన్న క్లబ్బు. 1906లో పుట్టింది. విమాన ప్రమాదం జరిగేనాటికి ఆ యేటి పోటీలలో ఇంకా నాలుగు ఆటలు మిగిలి ఉన్నాయి. టొరినో తన బాలుర జట్టును బరిలోకి దింపింది. ఎదుటి క్లబ్బులు కూడా గౌరవసూచకంగా తమ బాలుర జట్లనే పంపాయి. ఛాంపియన్ బిరుదు టొరినోకే దక్కింది. ఆపైన ఎన్నో చెడ్డ సంవత్సరాలు గడిచాయి; కిందికి జారారు, లేచారు; 1976లో మళ్ళీ ఇటలీ ఛాంపియన్లయ్యారు. ఆ క్లబ్బు ఈనాటికీ ఆడుతూనే ఉంది.

ఆ ప్రమాదం జరిగిన మరుసటి సంవత్సరమే మన దేశంలో ఒక జట్టు అలాంటి ఐదేండ్ల దిగ్విజయాన్నే మొదలుపెట్టింది. అది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా ఏటేటా తానే గెలుచుకొన్నది. రోవర్స్ కప్పు 1891 నాటిది. దానికంటె పాతది 1888లో సిమ్లాలో ఆరంభమైన డ్యూరాండ్ కప్పు. ఇంగ్లీషు పటాలాలు తమలో తాము ఆడుకొనడానికి పెట్టుకొన్న పోటీలివి. డ్యూరాండ్ కప్పును మొదటిసారి గెలిచిన భారతీయ జట్టు కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్, అది 1940లో. తరువాత యుద్ధం మూలంగా ఆ పోటీ ఆగిపోయి, 1950లో ఢిల్లీలో తిరిగి మొదలైంది. ఆ యేడు కప్పు హైదరాబాదు పోలీసులదే. అంతిమ పోటీలో ఓడినది మోహన్ బగాన్. అప్పటికి హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసి రెండేండ్లే అయింది. 1948 సెప్టెంబరులో జరిగిన దానిని పోలీసు చర్య అన్నారు. ఆ మాట వినగానే హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో ఒక తరం పెద్దలు మౌనం వహించేవారు. అటువంటి రోజులలో అదే నగరపు పోలీసు చొక్కా తొడుక్కొన్న నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, అజీజుద్దీన్ వంటి కుర్రవాండ్రు రాజధానిలో కప్పు ఎత్తారు. పత్రికలు దానిని ఆటగానే రాశాయి. ఆ ఇండ్లలో దానిని ఏమని చెప్పుకొని ఉంటారో ఊహించుకొనవలసినదే.

పోలీసు జట్టు అంతకు ముందు ఊరూ పేరూ లేనిదేమీ కాదు. 1943లో బెంగుళూరు ఆష్ గోల్డు కప్పు అంతిమ పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. అయితే పోలీసు జట్టుకు దేశవ్యాప్తమైన కీర్తి వచ్చినది 1950 నుండి. రహీం సాహెబ్ శిక్షకులుగా వచ్చినదీ ఆ సంవత్సరమే.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, తరువాత మరికొన్ని ఉన్నత పాఠశాలలలోను ఉపాధ్యాయులుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. స్వయంగా ఆడినవారే కాని, ఆటగాడుగా ఆయన పేరు హైదరాబాదు దాటిపోలేదు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఒకే మనిషి ఇటు నగరంలోని పోటీలను నడిపే కార్యదర్శి, అటు జట్టుకు శిక్షకుడు, ఆపైన జాతీయ జట్టుకు గురువు. ఈ మూడు పనులలోనూ ఆయన బడిపంతులుగానే ఉన్నారన్నది నా అభిప్రాయం. ఆయన పెట్టిన పోటీలను చూస్తే ఆ మాట ఎందుకన్నానో తెలుస్తుంది.

బంతిని కాళ్ళ మధ్య తిప్పుకొంటూ ఎదుటివానిని ఏమార్చి ముందుకు పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూసేవారికి అందులో ఉన్న ఆనందం మరిదేనిలోనూ లేదు. పిల్లవాడు బంతి దొరకగానే చేసే మొదటి పని అదే. రహీం సాహెబ్ డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి వచ్చిందా, వెంటనే తోటివానికి అందించు. అందించాలంటే తోటివాడు ఎక్కడున్నాడో బంతి రాకముందే చూసి ఉండాలి. తలవంచి బంతిని చూసే అలవాటు పోయి, తలయెత్తి మైదానాన్ని చూసే అలవాటు దానంతట అదే వస్తుంది. మరొకటి, బలహీనమైన కాలి పోటీ. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. తెలుగు బోధించేవానికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. శిష్యునికి పద్యం వచ్చునని పదే పదే పద్యమే అప్పజెప్పించుకొంటే వానికి వచనం ఎన్నటికీ పట్టుబడదు. వానికి చేతకానిది ఏదో అదే చేయమనాలి. చేయలేనందుకు నలుగురూ నవ్వని చోట చేయమనాలి. అందరూ ఎడమకాలితో తడబడుతూ ఉంటే ఎవరిని చూసి ఎవరు నవ్వుతారు?

ఇందులో ఆటగాని గొప్ప కొంత తగ్గుతుంది. చప్పట్లు కొట్టే జనానికీ కొంత నష్టమే. కాని పోలీసు జట్టు ఆట బంతి నిలవకుండా కాలినుండి కాలికి పరుగెత్తే ఆట అయింది. కలకత్తా జట్లకు డబ్బు ఉంది, లక్షలాది అభిమానులు ఉన్నారు, నూరేండ్ల అలవాటు ఉంది. ఒంటిచేత్తో మ్యాచి గెలిపించగల వీరులు వారి దగ్గర ఎక్కువ. వారి నడుమనుండి రోవర్స్ కప్పును తొమ్మిదిసార్లు, డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరాలలో నాలుగుసార్లు హైదరాబాదు తెచ్చుకొన్నారంటే కారణం ఈ తరగతిగది సాధనే.

జాతీయ జట్టు విషయం కొంత వివరంగా చెప్పాలి. ఆ కాలంలో మన దేశంలో ఫుట్‌బాల్ జట్టును మైదానంలో నిలిపే పద్ధతి పాతకాలపు ఇంగ్లీషువారిది. వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు. ముందున్న ఐదుగురిలో మధ్యవాడు ఎదుటి గోలు ముందర కాపలా కాసినట్లు నిలబడతాడు. వానిని పట్టుకోవడానికి ఎదుటి జట్టులో ఒకడు ఉంటాడు. 1953 నవంబరులో హంగేరీ జట్టు లండన్‌లోని వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. ఆనాడు హంగేరీవారు చేసిన యుక్తి చిన్నదే. మధ్యనుండే ఫార్వర్డు హిదెగ్కుతిని వెనుకకు లాగి నడుమ నిలిపారు. అతనిని కాయవలసిన ఇంగ్లీషు ఆటగాడు అతని వెంట ముందుకు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది; రాకుంటే అతడు హాయిగా ఆట నడిపిస్తాడు. ఇటు పోతే నుయ్యి, అటు పోతే గొయ్యి. ఈ మార్పునుండి పుట్టినదే వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే పద్ధతి. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ దానితోనే గెలిచి ప్రపంచానికంతా నేర్పింది. రహీం సాహెబ్ దానిని అంతకు రెండేండ్ల ముందే, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు చేత ఆడించారు. టెలివిజన్ లేని దేశంలో ఒక పాఠశాల ఉపాధ్యాయుడు ఇదంతా ఎలా పట్టుకొన్నారో ఆలోచించి ఆశ్చర్యపోవడం తప్ప వేరు దారి లేదు.

అంతకు నాలుగేండ్ల ముందు హెల్సింకీలో మనవారు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. చాలమంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ అవమానం తరువాతనే బూట్లు తప్పనిసరి చేశారు. మెల్బోర్న్‌లో ఆతిథేయి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరాం. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు కొట్టాడు. ఒలింపిక్స్‌లో అలా కొట్టిన మొదటి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో మళ్ళీ ఆ యుగోస్లావియాయే. మొదటి గోలు మనదే అయినా 4-1తో ఓడాం. మూడవ స్థానానికి జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగవ స్థానంతో తిరిగి వచ్చాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకంటె పైకి ఎన్నడూ పోలేదు. ఆ జట్టులో గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం హైదరాబాదు ప్రాంతంవారే.

1960లో జట్టు రోముకు వెళ్ళింది. ఫ్రాన్సుతో 1-1గా సరిసమానంగా ఆడి, హంగేరీ, పెరూ చేతులలో ఓడింది. ఈ కథలో ఇటలీ నేరుగా తగిలే చోటు ఇదొక్కటే.

మనదేశం ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకం రెండేసార్లు గెలిచింది; 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ శిక్షకులు రహీం సాహెబే. రెండవసారి ఆయన ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుతూ ఉన్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. డిఫెండరు జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయన వెనుక ఆడలేడు కనుక ముందు ఆడించారు రహీం సాహెబ్. చదువరులకు ఇది సాహసంగా తోచవచ్చు; కాని ఆటగాడు ఏ స్థానంలోనైనా ఆడగలిగి ఉండాలని ముప్ఫయ్యేండ్లుగా పిల్లలకు చెబుతూ వచ్చిన ఉపాధ్యాయునికి అది సాహసం కాదు, పాత పాఠమే. భారత దేశంపై ఏదో రాజకీయ కోపంతో ఉన్న లక్షమంది ప్రేక్షకుల కేకల నడుమ సెప్టెంబరు 4న అదే దక్షిణ కొరియాతో అంతిమ పోటీ జరిగింది. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగు ఒక గోలు. మనం 2-1తో గెలిచాం. తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ - హైదరాబాదు బిడ్డలు ముగ్గురు ఆనాడు మైదానంలో ఉన్నారు.

1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. వయస్సు 53. ఆ యేడు కూడా పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. అదే ఆఖరుసారి.

ఆ జట్టు పేరు అప్పటికి మారింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అది ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయింది. మా తాతగారు చిత్తూరు జిల్లాలో కానిస్టేబులుగా పనిచేశారు. ఫుట్‌బాల్‌ను ఎన్నడూ కాలితో తన్ని ఎరుగరు. అయినా ఆ రోజులు తలచుకొని, 'మన పోలీసోళ్ళు కలకత్తావాళ్ళని ఓడించినారబ్బీ' అని చెప్పేవారు. మద్రాసు రాజధానిలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చి, ఆపైన ఆంధ్రప్రదేశ్ పౌరుడైన మా తాతగారికి హైదరాబాదు జట్టు 'మన' జట్టు కావడానికి పెద్దగా వ్యవధి పట్టలేదు. 2014లో రాష్ట్రం మళ్ళీ రెండయింది. ఇప్పుడు ఆ కథ ఎవరిదని అడిగితే ఎవరూ ముందుకు రాని స్థితి ఉంది. తెలంగాణలో దానిని హైదరాబాదు పాతబస్తీ కథగా చూస్తారు. మన ప్రాంతంలో అది పక్క రాష్ట్రం సంగతి. ఆ కాలపు వార్తలు చాలమట్టుకు హైదరాబాదు ఉర్దూ పత్రికలలో ఉన్నాయి. ఉర్దూ చదవగలవారికి ఫుట్‌బాల్‌పై, ఫుట్‌బాల్ తెలిసినవారికి ఉర్దూపై శ్రద్ధ లేకపోతే ఆ వార్తలు అక్కడే ఉండిపోతాయి. మన సంచిక రెండు భాషలలో వెలువడుతున్నది కనుక ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ విషయమై నా మనవి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మొదట చెప్పిన టూరిన్‌కు వస్తాను. పదకొండుమందీ, వారి వెనుకనున్న మరి ఏడుగురూ ఒక్కసారిగా పోయినా టొరినో నిలిచింది. ఒక శిక్షకుడు పోతే హైదరాబాదు పదేండ్లలో చిక్కిపోయింది. ఎందువల్ల?

ప్రతిభ కరవై కాదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకు ముందు 1956, 1957లలో హైదరాబాదు పేరుతో గెలిచినదీ మనవారే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం తెచ్చిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ 1977లో కలకత్తాలో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌పై మోహన్ బగాన్ తరపున గోలు కొట్టినవాడు. కాని నయీముద్దీన్, హబీబ్ ఇద్దరూ పేరు సంపాదించినది కలకత్తా క్లబ్బులలోనే. వారికంటె ముందు బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. వారిని తప్పుపట్టలేము. పోలీసు జట్టు ఆటగానికి ఇచ్చినది కానిస్టేబులు ఉద్యోగం, ఆ జీతం. కలకత్తా ఇచ్చినది డబ్బు, దానితోపాటు వీధిలో పోతుంటే ఆగి సలాం చేసే జనం.

తేడా ఇంకా లోతున ఉందని నాకు తోస్తుంది. టొరినోకు తనదంటూ ఒక బాలుర జట్టు ఉంది. ప్రమాదం జరిగిన కొద్దిరోజులకే మైదానంలోకి దిగినవారు ఆ పిల్లలే. యువెంటుస్‌ను 1923 నుండి ఫియట్ కార్ల యజమానులైన అగ్నెల్లి కుటుంబం పోషిస్తూ వస్తున్నది. అంటే క్లబ్బుకు సభ్యులు, లెక్కలు, మైదానం, వారసులు ఉన్నారు. హైదరాబాదులో పిల్లలను తయారుచేసినది పోలీసు శాఖ కాదు. రహీం సాహెబ్ సంఘ కార్యదర్శిగా పెట్టిన చిన్న చిన్న పోటీలలో ఆ పిల్లలు తయారయ్యారు. జట్టు మాత్రం శాఖది. జట్టు వేరు, నారుమడి వేరు. రెంటినీ కలిపి ఉంచినది ఒక మనిషి. ఆయన పోగానే నారుమడికి నీరు పెట్టేవారు లేకపోయారు. నారు ఉన్నంతకాలం, అంటే మరో పది పన్నెండేండ్లు, పంట వచ్చింది. అది కలకత్తా గాదెలలో చేరింది.

ఇందుకు ప్రభుత్వాన్ని, క్రికెట్‌ను నిందించడం వాడుక. క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగిందనే వాదంలో కొంత నిజం ఉంది కాని, అదే క్రికెట్ కలకత్తాలోనూ గోవాలోనూ కేరళలోనూ ఉంది. అక్కడ ఫుట్‌బాల్ చావలేదు. ఈమధ్యనే మరొక ఉదాహరణ చూశాం. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే కొత్త క్లబ్బు పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. హైదరాబాదు పేరు మళ్ళీ వెలిగిందని సంతోషించేలోపే డబ్బు చిక్కులలో పడి, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. జట్టు మూటగట్టుకొని పోవడానికి వీలయిందంటే దానికి నేలలో వేరు లేదన్నమాట.

రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో ఉన్నారు. 2021 ఆగస్టులో మరణించారు. బలరాం 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న పోయారు. యూసుఫ్ ఖాన్ 2006లోనే వెళ్ళిపోయారు. నోటిమాటగా ఈ కథ చెప్పగలవారు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

చారల చొక్కా అబ్బాయికి ఇదంతా ఒక సాయంత్రం చెప్పాను. శ్రద్ధగా విని, ఆ బలహీనమైన కాలి పోటీ మనమూ పెట్టవచ్చు గదా సార్ అన్నాడు. వ్యాయామ ఉపాధ్యాయులను అడిగాము, వారు ఒప్పుకొన్నారు. సంక్రాంతి సెలవుల తరువాత కళాశాల మైదానంలో ఎడమకాలి ఆట జరుగుతుంది. పేర్లు ఆ అబ్బాయి దగ్గరనే ఇవ్వాలి. పుట్టు ఎడమకాలివారు కుడికాలితో ఆడవలసి ఉంటుంది. అధ్యాపకుల జట్టుకు ఇప్పటికి ఏడుగురు దొరికారు, ఇంకా నలుగురు కావాలి.